నిచ్చెన గుర్తు

మా కొట్లో పైపులు, కుళాయిలు, వాల్వులు, నిచ్చెనలు అమ్ముతాం. వీటిలో నిచ్చెన ఒక్కటే, కొన్నవాడు మళ్ళీ కొనడానికి రాని సరుకు. ఒకటి కొంటే ఆ ఇంటికి తరమంతా సరిపోతుంది. అయినా దాన్ని గుమ్మం పక్కనే ఆనించి పెడతాను. అది దూరానికి కనిపిస్తుంది. కనిపిస్తే మనుషులు లోపలికొస్తారు. వచ్చినవాళ్ళు కుళాయో వాషరో కొనుక్కుపోతారు. కొన్ని వస్తువులు అమ్మడానికి కావు, గుమ్మంలో నిలబెట్టడానికి.

నా చెల్లెల్ని అత్తవారు మొదట అలాగే నిలబెట్టారు.

వాళ్ళది మా వార్డులో పెద్దిల్లు. ఆ ఇంటికి యజమాని నా చెల్లెలి మామగారు. వార్డంతా ఆయన్ని పెద్దాయన అనే అంటుంది. ఎప్పుడు ఎన్నికలు జరిగినా మా వార్డు కౌన్సిలర్ ఆయనే, ఆయన గుర్తు నిచ్చెనే. గేటు మీద కూడా ఒక ఇనప నిచ్చెన వెల్డింగ్ చేయించారు. ఎన్నికలు లేని రోజుల్లో దాని మీద పిల్లులు ఎండ కాగుతుంటాయి. ఉన్నట్టుండి ఆ సీటు ఆడవాళ్ళకని కేటాయించారు. ఆయన భార్య అప్పటికే పోయింది. ఉన్నది ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలైన మా చెల్లెలు నలుగురిలో మాట్లాడగలదని పిలిచి, "అమ్మా, నువ్వు నిలబడు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు.

మిగతాది అంటే నిలబడటం తప్ప అన్నీ.

ఆ మాట చెల్లెలికి అర్థం కాలేదని నేననుకోను. అయినా చేతికిచ్చిన పని శ్రద్ధగా చేయడం తనకి చిన్నప్పటి అలవాటు. పెళ్ళికి ముందు మా కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునేది. పైపు సైజు నోటితో చెప్పలేని కూలీలు వేళ్ళు విడదీసి చూపించేవాళ్ళు, ఒక్కొక్కడి వేళ్ళు ఒక్కో తీరు, సరుకు తారుమారయ్యేది. తను సుద్దముక్క తీసుకుని వాళ్ళకి గుర్తులు నేర్పింది. అర అంగుళానికి ఒక గీత, ముప్పావుకి రెండు, అంగుళానికి సున్నా. గీసి చూపించి ఊరుకునేది కాదు. వాళ్ళ చేతికి సుద్ద ఇచ్చి వాళ్ళచేతే గీయించేది. "కళ్ళు మరిచిపోతాయన్నయ్యా, చెయ్యి మరిచిపోదు" అనేది.

ఆ మొదటి ఎన్నికల్లో మా కొట్టు సుద్దముక్కలు పెట్టెడు పట్టుకుపోయింది. మిగతా అభ్యర్థులు మైకులు పెట్టుకుని అరుస్తుంటే తను ఇంటింటికీ వెళ్ళి అరుగు మీద కూర్చుని, చదువు రాని ఆడవాళ్ళ చేత నిచ్చెన గీయించింది. రెండు నిలువు గీతలు, నాలుగు అడ్డ గీతలు. గుట్టెక్కే మెట్ల వీధి చివర ఇస్త్రీ చేసుకుని బతికే అవ్వ ఒకతె ఉంది. ఆమె చెయ్యి వణికి గీతలు వంకరపోతుంటే, చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని దిద్దించింది.

"ఇంత వయసొచ్చాక నాకు బడి పెట్టావేంటే తల్లీ," అంది అవ్వ.

"ఒక్క బొమ్మేగా అవ్వా. ఇదొక్కటొస్తే పాసైపోయినట్టే."

"పాసైతే ఏమిస్తావు?"

"నీళ్ళు," అంది చెల్లెలు.

ఎన్నికల్లో ఎవరైనా అనే మాటే. అవ్వ కూడా నవ్వేసింది. చెల్లెలు నెగ్గింది. పూలదండలు వేయడానికి వచ్చినవాళ్ళు ముందు పెద్దాయనకి వేసి, తరవాత మరిదికి వేసి, మిగిలినవి తనకి వేశారు.

మొదట్లో కొంతకాలం మరిది ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టింది. మరిది అంటే పెద్దాయన చిన్నకొడుకు, ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాడు. మునిసిపల్ ఆఫీసులో తన కుర్చీలో తనూ, పక్క కుర్చీలో అతనూ కూర్చునేవాళ్ళు. వచ్చినవాళ్ళు అతనితో మాట్లాడి, వెళ్ళేటప్పుడు తనకి దండం పెట్టేవాళ్ళు. నా భార్య ఊరుకునే మనిషి కాదు. "ఏం అమ్మాయ్, ఆఫీసులో ఫ్యాను బాగా తిరుగుతోందా?" అని అడిగేది. "తిరుగుతోంది వదినా. అక్కడ నాకన్నా పని చేసేది అదొక్కటే," అని చెల్లెలు నవ్వేది.

ఒకరోజు కొట్టుకొచ్చి, కస్టమర్లు వెళ్ళేదాకా స్టూలు మీద కూర్చుని, "అన్నయ్యా, మెట్ల వీధికి నీళ్ళు ఎందుకెక్కవు?" అని అడిగింది.

"ఎక్కువ ఎత్తు, తక్కువ తోపుడు. కింద లైన్లన్నీ తెరిచి ఉంటే నీళ్ళు పైకెందుకెక్కుతాయి? సులువైన దారి ఉండగా నువ్వు మెట్లెక్కుతావా?"

"కింద కాసేపు మూస్తే?"

"ఎక్కుతాయి. మూసేవాడెవడు?"

మూసేవాడు వాల్వుమ్యాన్. పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని సైకిలు మీద తిరుగుతుంటాడు. రోడ్డు మధ్యలో మూత తీసి ఆ చెవితో వాల్వు తిప్పితే ఒక వీధికి నీళ్ళొస్తాయి, ఇంకో వీధికి ఆగుతాయి. చెల్లెలు తెల్లారగట్టే లేచి అతని వెనకాల నడవడం మొదలుపెట్టింది. అతను బెంబేలెత్తిపోయాడు.

"అమ్మా, మీరిలా రాకూడదమ్మా. పెద్దాయన చూస్తే నా ఉద్యోగం పోతుంది."

"నేనెవర్ని?"

"పెద్దాయన కోడలు."

"ఇంకా?"

అతను చాలాసేపు ఆలోచించి, "ఐస్ ఫ్యాక్టరీ బాబు గారి వదిన," అన్నాడు.

తను కౌన్సిలర్ అన్న సంగతి అతనికి తట్టనే లేదు. చెల్లెలు ఈ ముచ్చట చెప్పినప్పుడు మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం. తనూ నవ్వింది, కాని మాకంటే ముందే ఆపేసింది.

అలా తిరిగి తిరిగి తను కనిపెట్టిందేమంటే, ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళే లైను వాల్వుని ఎవరూ ఎన్నడూ మూయలేదు. పొద్దున్న నీళ్ళు వదిలిన దగ్గర్నుంచీ అది తాగుతూనే ఉంది. దాన్ని ఒక గంట ఆపితే చాలు, మెట్ల వీధికి చివరి ఇంటిదాకా ఎక్కుతాయి. తను వాల్వుమ్యాన్‌ని అక్కడికి తీసుకెళ్ళి మూయమంది. అతను చెవి భుజం మీంచి దించలేదు. "ఇది చాలా గట్టిదమ్మా, మా ఆవిడలాగ, నేను చెబితే తిరగదు," అన్నాడు. చెల్లెలు ఆ చెవి తీసుకుని, కొంగు నడుముకి బిగించి, తనే తిప్పింది.

ఆ పొద్దున మెట్ల వీధి చివర కుళాయి ముందు దగ్గింది, తరవాత తుప్పు కక్కింది, ఆ తరవాత నీళ్ళు వదిలింది. ఇస్త్రీ అవ్వ చెంబుతో పట్టి, బట్టల మీద చల్లుకోవడం మానేసి ముందు తన నెత్తిన పోసుకుంది. వీధిలో వాళ్ళంతా అన్న మాట ఒకటే: "ఆ ఇంటి కోడలంటే మాటలా! పెద్దిల్లు పెద్దిల్లే!"

నేను వ్యాపారిని. సరుకు ఒకరు చేసి, పేరు ఇంకొకరిదైతే ఏమవుతుందో నాకు తెలుసు. డబ్బా మీద ఎవరి బొమ్మ ఉంటే పేరు వాళ్ళదే. చెల్లెలు పనిచేసిన కొద్దీ నిచ్చెన బలపడింది. తరవాత మురుగుకాలవ మీద పలకలు వేయించింది, ఆడపిల్లల బడికి తలుపులున్న మరుగుదొడ్లు కట్టించింది, మెట్ల వీధికి చేతికానుకునే కమ్మీ పెట్టించింది. ఒక్కో పనికీ అవతలి పద్దులోనే జమ పడింది. ఈ సంగతి ఒకసారి తనతో అన్నాను కూడా.

"పడనీ. నీళ్ళు మాత్రం కుళాయిలోనేగా పడుతున్నాయి," అంది.

ఐస్ ఫ్యాక్టరీ వాల్వు మాత్రం రోజూ పొద్దున గంటసేపు మూసే ఉంచింది. మరిది మొదట నవ్వాడు, తరవాత అలిగాడు, ఆ తరవాత తనతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో కింద వాటా, పై వాటా. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేవాడట. నా బావ, అంటే చెల్లెలి భర్త, మంచివాడు. "నేనెవరి పక్కా కాదు, మధ్యలో ఉన్నాను," అనేవాడు. అతను ఎప్పుడూ మధ్యలోనే ఉంటాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. సీటు ఈసారి కూడా ఆడవాళ్ళకే. పెద్దాయన ఇంటిల్లిపాదినీ ముందుగదిలో కూర్చోబెట్టి, "ఈసారి చిన్న కోడలు నిలబడుతుంది," అని చెప్పారు. చిన్న కోడలు సాధువు. వార్డులో ఏ వీధి ఎటు పోతుందో కూడా తెలియదు. ఆ పిల్ల తల వంచుకుని, "అక్కయ్య ఉందిగా మావయ్యా," అందట. "అక్కయ్య అలిసిపోయిందమ్మా," అన్నారట పెద్దాయన.

చెల్లెలు ఆ సాయంత్రం కొట్టుకొచ్చింది.

"నేను అలిసిపోయానా అన్నయ్యా?"

"ఏం చేద్దామని?"

"సొంతంగా నిలబడతాను. మెట్ల వీధి నాది, కింది వీధుల్లో సగం నాది. బడి దగ్గరి ఇళ్ళన్నీ నావే. ఒక్కో ఇంటికీ ఏం చేశానో నువ్వు చూశావు."

"చూశాను. కాని అమ్మడూ, వాళ్ళకి నువ్వు తెలుసా, ఆ ఇల్లు తెలుసా?"

"నేను తెలుసు," అంది. తన గొంతులో అంత నమ్మకం నేను కౌంటర్ రోజుల తరవాత మళ్ళీ అప్పుడే విన్నాను. "అన్నయ్యా, నాకు కుర్చీ మీద మోజు లేదు. నేను దిగిన మర్నాడే ఆ వాల్వు తెరుస్తారు. అవ్వ మళ్ళీ బిందె పట్టుకుని మెట్లు దిగాలి. అంతే నాక్కావలసింది, ఆ వాల్వు."

నా లెక్క వేరే ఉంది. ఓడిపోతే తను అదే ఇంట్లో పై వాటాలో బతకాలి. అందుకే తనకి చెప్పకుండా పెద్దాయన దగ్గరికి బేరానికి వెళ్ళాను. బేరం లేకుండా ఏ వ్యవహారమూ తెగదని నా నమ్మకం.

ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నారు. గోడ మీద ఆయన పాత ఎన్నికల ఫోటోలు, వాటి చివర చెల్లెలి ఫోటో ఒకటి. దాని కింద ఇంకో మేకు అప్పటికే కొట్టి ఉంది.

"రావయ్యా రా. కొట్టు వదిలి వచ్చావంటే పెద్ద పనే."

"మావయ్యగారూ, పెద్ద కోడల్నే ఉంచండి. పనిచేసే మనిషి. వాల్వు సంగతి నేను మాట్లాడతాను. ఫ్యాక్టరీకి ఒక ట్యాంకు కట్టుకుంటే సరిపోతుంది, సరుకంతా నేనే వేస్తాను, లాభం చూసుకోను."

ఆయన పేపరు మడిచారు. ఆయనకి కోపం రాదు, అదే ఆయన బలం.

"మా కోడలు బాగా పనిచేసింది. కాదన్నదెవరు? మీ చెల్లెలని కాదు, నిజంగానే తెలివైంది. ఒక్క మాటడుగుతాను, చెప్పు. మీ కొట్లో కౌంటర్ దగ్గర ఎవరు కూర్చునేవాళ్ళు?"

"చెల్లెలే."

"బేరాలు ఎవరికి బాగా తెలుసు? నీకా, తనకా?"

"తనకే."

"మరి మీ నాన్న కొట్టు ఎవరికిచ్చాడు?"

కొట్టు తాళాలు నా జేబులోనే ఉన్నాయి.

"తప్పనడం లేదయ్యా. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కొట్టు వేరు, కౌంటర్ వేరు. ఇది మా కొట్టు. ఎవర్ని కూర్చోబెట్టాలో మాకు తెలుసు. కాఫీ తాగి వెళ్ళు."

కాఫీ తాగాను. కాదనడానికి కారణం దొరకలేదు. చిన్న కోడలే తెచ్చిచ్చింది. కప్పు అందిస్తూ నెమ్మదిగా, "నా మీద కోప్పడొద్దని అక్కయ్యకి చెప్పండి అన్నయ్యా," అంది.

చెల్లెలు నామినేషన్ వేసింది. నేను బలపరుస్తూ సంతకం పెట్టాను. మర్నాటి నుంచి పెద్దింటి బేరం మా కొట్టుకి రావడం మానేసింది, అది నేను ముందే వేసుకున్న లెక్కే. గుర్తుల్లో కుళాయి కావాలని చెల్లెలు అడిగింది. కుళాయి లేదన్నారు. గొడుగిచ్చారు.

మళ్ళీ సుద్దముక్కలు పట్టుకుని అవే ఇళ్ళకి, అవే అరుగుల మీదికి వెళ్ళింది. ఈసారి నేనూ వెళ్ళాను. అందరూ ఆప్యాయంగా కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. ఆ నీళ్ళ మీద జోకులు కూడా వేశారు: "తాగమ్మా, ఇవి నీ నీళ్ళే!" గొడుగు గీయమంటే గీశారు. పైన ఒక వంపు, కింద ఒక కర్ర, చివర ఒక కొక్కెం. కాని ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి అడిగేవాళ్ళు.

"మీ మామగారు బాగున్నారా?"

"ఎందుకొచ్చిన గొడవమ్మా, చిన్నావిడ నీ చెల్లెల్లాంటిదే కదా?"

"మీ ఆయన ఏమంటున్నాడు?"

నీళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి కదా, అడగడమెందుకు.

ఇస్త్రీ అవ్వ బొగ్గుల పెట్టె పక్కకి పెట్టి, చెల్లెలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"గొడుగంటే వర్షాకాలానికి కదే తల్లీ. నిచ్చెనుండగా మనకి ఇదెందుకు?"

"నిచ్చెన ఇప్పుడు నాది కాదవ్వా. మా తోడికోడలిది."

"తోడికోడలైతే ఏం? ఒక పొయ్యి, ఒక గడప. నువ్వలా అలిగి బయటికి రాకూడదు."

"అలగలేదవ్వా. వాళ్ళే నన్ను తీసేశారు. ఆ నిచ్చెన నెగ్గితే నీ కుళాయి మళ్ళీ ఎండిపోతుంది. నా మాట విను. గొడుగు."

"విన్నాన్లే. గొడుగు. వేస్తాను కదా, నీకు కాక ఎవరికేస్తాను?" అని అవ్వ చెల్లెలి బుగ్గ పుణికింది.

దిగేటప్పుడు చెల్లెలు ఆ మెట్ల కమ్మీ పట్టుకుని ఆగింది. "చూశావా అన్నయ్యా, అవ్వ ఓటు రాయిలాంటిది," అంది. నేను సరేనన్నాను. వ్యాపారంలో చివరిదాకా పనికొచ్చే మాట అదొక్కటే.

పోలింగు రోజు మధ్యాహ్నం పెద్దాయన ఒక పని చేశారు. ఎవర్నీ బెదిరించలేదు, ఎవరికీ ఏమీ పంచలేదు. చేతికర్ర పట్టుకుని, ఒక్కరే, మెట్ల వీధి కింది నుంచి పైదాకా ఎక్కారు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక్క క్షణం ఆగి, "మా పెద్దమ్మాయి కోపంలో ఉంది. మీరైనా మా ఇల్లు నిలబెట్టండి," అని దండం పెట్టారు. కమ్మీ పట్టుకునే ఎక్కారు, చెల్లెలు పెట్టించిన కమ్మీ. ఆయాసంతో ఆయన మధ్యలో కూలబడితే వీధివాళ్ళు మంచం వేసి, నీళ్ళిచ్చి, విసనకర్రతో విసిరారు. ఆ నీళ్ళు ఏ కుళాయివో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

లెక్కింపు రోజు నేను తన తరఫున లోపల కూర్చున్నాను. బడి దగ్గరి ఇళ్ళ పెట్టె తెరిచినప్పుడు గొడుగులు కనిపించాయి, నాకు ఊపిరాడింది. కింది వీధుల్లో పలచబడ్డాయి. చివర్లో మెట్ల వీధి పెట్టె తెరిచారు. నిచ్చెన, నిచ్చెన, నిచ్చెన. కాగితాలు విప్పుతున్న ఆఫీసరుకి విసుగు పుట్టి మొదటి అక్షరమే పలకడం మొదలుపెట్టాడు. నేను అక్కడి నుంచి లేచి వచ్చాను. మిగతా లెక్క కూర్చుని వినాల్సిన పని లేదు.

చెల్లెలు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. నా మొహం చూసి, "మెట్ల వీధి కూడానా?" అని అడిగింది. నేను తలూపాను. తను చెప్పులు సరిగా తొడుక్కుని లేచింది.

గేటు దగ్గరే అవ్వ ఎదురైంది. మెట్లు దిగి, అంత దూరం నడిచి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏడవకే పిచ్చిదానా. నెగ్గావు."

"ఓడిపోయానవ్వా."

"ఎక్కడ ఓడావు? నువ్వు కోపంలో గొడుగన్నావు. నేనెరగనా కాపురాలు? మేమంతా మాట్లాడుకునే వేశాం. ఆ ఇల్లు నెగ్గితే నువ్వు నెగ్గినట్టు కాదూ? గొడుగుకేసి నిన్ను ఇంట్లోంచి బయటికి నెట్టమంటావా? మా చేతుల్తో ఆ పాపం చెయ్యం. అంత ముసలాయన మెట్లెక్కి వచ్చి దండం పెట్టాడు. ఇంక నీ మీద కోపం ఉండదు. వెళ్ళి కాళ్ళు కడుక్కుని ఇంట్లోకెళ్ళు."

అని, చెల్లెలు దిద్దించినట్టే గాలిలో వేలితో గీసింది. రెండు నిలువు గీతలు, నాలుగు అడ్డ గీతలు. ఈసారి ఒక్కటీ వంకరపోలేదు.

నేనేదో అనబోయాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మంచి పనే చేశావులే అవ్వా. నడిచొచ్చావా ఇంతదూరం? రా, ఆటో ఎక్కిస్తాను," అంది.

నేనెన్నో బేరాలు పోగొట్టుకున్నాను. ధరలో ఓడాను, నాణ్యతలో ఓడాను, మోసానికి ఓడాను. వాటన్నిటిలోనూ మరుసటిసారి ఏం సరిచేసుకోవాలో తెలిసేది. ఇందులో ఏం సరిచేసుకోవాలో నాకు తోచలేదు. వాళ్ళకి తనంటే ఇష్టం లేక వేయకపోతే ఒక దారి ఉండేది. ఇష్టంతోనే ఓడించారు.

ఫ్యాక్టరీ వాల్వు తెరిచారు. చిన్న కోడలి పక్క కుర్చీలో మరిది కూర్చున్నాడు. ముందుగది గోడ మీది ఆ మేకుకి చిన్న కోడలి ఫోటో తగిలించారు. పెద్దాయన చెల్లెల్ని ఒక్క మాటా అనలేదు. భోజనాల దగ్గర "పెద్దమ్మాయికి వడ్డించండి," అని ముందుగా చెబుతారట. బావ వచ్చి, "అంతా సర్దుకుంది బావా," అన్నాడు. నిజంగానే ఆనందపడుతున్నాడు.

చెల్లెలు పగలు మా కొట్టుకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. నేను పిలవలేదు, తనూ అడగలేదు. ఒకరోజు వచ్చి కౌంటర్ వెనక పాత స్టూలు దుమ్ము దులిపి కూర్చుంది. నా భార్య పూర్వంలా వేళాకోళం ఆడలేదు, ఒక దిండు తెచ్చి స్టూలు మీద వేసింది. సరుకు అడిగితే తీసిస్తుంది, పైపు కోయాల్సిన చోట సుద్దతో గీత పెడుతుంది. ఎక్కువ మాట్లాడదు. బేరాలు పెరిగాయి. ఒప్పుకోవలసిన సంగతి అది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున అవ్వ రెండు బిందెలతో కొట్టు ముందు నిలబడింది. మెట్లన్నీ దిగి వచ్చింది. ఒగరుస్తోంది.

"ఏమే కోడలమ్మా, ఇదేనా న్యాయం? నిన్ను గెలిపించామా, కుళాయి ఎండబెట్టావా? మీ ఇంటికొస్తే ఆఫీసుకెళ్ళమన్నారు, ఆఫీసుకెళ్తే మీ మరిది రేపు రమ్మన్నాడు. నువ్వేమో ఇక్కడ పైపులమ్ముకుంటున్నావు. గద్దెక్కాక మమ్మల్ని మరిచిపోయావు కదూ?"

కొట్లో ఇద్దరు కస్టమర్లున్నారు. చెల్లెలు లేచి, చేతికున్న సుద్ద తుడుచుకుని, బిందెలు అందుకుని వెనక పంపు దగ్గరికి వెళ్ళింది. నేను ఉండబట్టలేక, "అవ్వా, తను గెలవలేదు. నువ్వు వేసిన నిచ్చెన తనది కాదు," అన్నాను.

"ఊరుకో నాయనా, నాకు చెప్పొస్తావా? ఆ నిచ్చెన నా చేత దిద్దించిందెవరు?"

చెల్లెలు బిందెలు నింపి తెచ్చి గట్టు మీద పెట్టింది. ఒకటి అవ్వ చంకకెత్తి, రెండోది తను తీసుకుంది.

"వచ్చేసారి వెయ్యను పో నీకు," అంది అవ్వ, సగం కోపంగా, సగం మురిపెంగా.

"వెయ్యకవ్వా," అంది చెల్లెలు. "నీ పుణ్యముంటుంది, వచ్చేసారి వెయ్యకు."

అవ్వ ఆ మాటకి కరిగిపోయింది. చెల్లెలి గడ్డం పట్టుకుని, "వేస్తాన్లే. నోటితో అన్నాను కాని, నీకు వెయ్యకుండా ఉంటానా? బతికున్నంతకాలం నిచ్చెనకే," అంది.

ఇద్దరూ చెరొక బిందెతో మెట్ల వీధి వైపు నడిచారు. కస్టమర్ ముప్పావు పైపు అడిగాడు. చెల్లెలు గీసిపెట్టిన రెండు గీతల గుర్తు చూసి తీసిచ్చాను.